ఒక పేరు, రెండు చెట్లు

ఆదివారము అబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకమొకటి బేరమాడి కొని, నాంపల్లి వరకు నడచి, పడిశమునకై నీలగిరి తైలపు సీసా తీసుకొని ఇల్లు చేరువారు నగరములో ఎందరో కలరు. కాగితమునకు కొట్టు జామాయిల్ చెట్టు, ఈ తైలమునిచ్చు చెట్టు ఒకటేనని పలువురి భావము. అది పొరపాటు.

తైలమునకు పేరుపొందిన గ్లోబ్యులస్ 1843లో నీలగిరులకు వచ్చినది. దానికి చల్లని కొండలే అనువు. దక్కను ఎండలకు తాళదు. మన మైదానములలో కాగితపు మిల్లులకై పెంచునవి వేరు. వానిలో టెరెటికార్నిస్, కమాల్డ్యులెన్సిస్ అను రెండు దాయాదులు ముఖ్యములు.

మొదటిదానికి 1795లో స్మిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పేరు పెట్టినాడు. గుండ్రని కొమ్ము అని దాని అర్థము. మొగ్గపై టోపీ కొమ్మువలె పొడవుగా నుండును. రెండవది 1832లో నేపుల్సు నగరపు కమాల్డోలి తోటలో పెరిగిన చెట్టును చూచి వర్ణింపబడినది. ఆస్ట్రేలియా వృక్షమునకు ఇటలీ తోటపేరు నిలిచినది! దీని మొగ్గటోపీ పొట్టిది, ముక్కువలె మొనదేలినది. విత్తనములు చూచిన సందేహము తీరును: మొదటిదానివి నల్లనివి, ఒకే పొర కలవి, రెండవదానివి పసుపువన్నెవి, రెండు పొరలు కలవి. ఒకటి ఆస్ట్రేలియా తూర్పుతీరపు అడవులది. మరొకటి లోనాటి నదుల గట్లది.

ఇంత భేదమున్నను మన దేశములో ఇవి కలగాపులగమైనవి. 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను నందికొండపై యూకలిప్టస్ నాటించినాడని ప్రతీతి. ఆ సంతతి విత్తనమే తరువాత 'మైసూరు గమ్', 'హైబ్రిడ్' అను పేర్లతో మైదానములన్నిట వ్యాపించినది. అందులో అధికభాగము టెరెటికార్నిస్సేనని శాస్త్రజ్ఞులు పిదప తేల్చినారు. అయితే తేనెటీగలు పుప్పొడిని చెట్టునుండి చెట్టుకు మోయును; దగ్గరి జాతులు సులభముగా సంకరమగును. కనుక విత్తు నాటిన చేనిలో ఒక చెట్టు తాడువలె ఎదుగును, పక్కది గిడసబారును. ఆ సంగతి రైతుకు తెలియుటకే సంవత్సరములు పట్టును. పోయిన కాలమును తిరిగి తెచ్చువారెవరు?

ఈ చిక్కు విడదీయుటకు భద్రాచలం పేపర్‌బోర్డ్స్ సంస్థ 1989లో మేలిచెట్ల కొమ్మలనుండి మొక్కలు పెంచు పద్ధతి చేపట్టినది. తల్లి యెట్లో పిల్ల అట్లే గనుక చేను ఏకరీతిగా వచ్చినది, దిగుబడి పెరిగినది. కాని ఆ ఏకత్వములోనే అపాయమును కలదు. 2000 తరువాత ఆకుకాడలపై బుడిపెలు కట్టించు చిన్న కందిరీగ దక్షిణదేశములో ప్రవేశించి, ఈ దాయాదులు రెంటిని పీడించినది. ఒక మొక్క దానికి లొంగినచో, దాని తోబుట్టువులతో నిండిన చేనంతయు లొంగును.

జామాయిల్ మంచిదా, చెడ్డదా అని వాదించుట మనకు అలవాటు. ఏ జాతి, ఏ నేలలో, ఎంత నీటితో అని ముందుగా అడుగుట మేలు. పేరు సరిగా తెలియనిదే తీర్పు సరిగా రాదు.