మరమ్మతు ఓడిపోయిన నగరం

బొంబాయిలో కూలీల ఇళ్ల చరిత్రను సాధారణంగా కట్టిన భవనాల లెక్కతో చెబుతారు. 1896 ప్లేగు తర్వాత 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో ఏర్పడిన బాంబే డెవలప్‌మెంట్ డైరెక్టరేట్, అంటే బీడీడీ, వర్లీలో 121, నాయిగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్డీలో 12, మొత్తం 207 చాల్‌లను కాంక్రీటుతో కట్టింది. కుటుంబానికి 160 చదరపు అడుగుల గది, అంతస్తుకు ఉమ్మడి మరుగుదొడ్లు. ఈ మిల్లు వాడల్లోనే తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన పద్మశాలి కార్మికులు తరాలు గడిపారు. అంతకు చాలా ముందే నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఆ నగర నిర్మాణంలో చెమటోడ్చిన తెలుగు కామాఠీల పేరు కామాఠీపురాకు స్థిరపడింది. అయితే కట్టిన ఇంటిని ఎవరు, ఎవరి డబ్బుతో నిలబెట్టాలన్న ప్రశ్నకు నగరం ఇచ్చిన జవాబులది వేరే చరిత్ర. దాన్ని వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ ఇళ్లను కూల్చింది వాటి వయసొక్కటే కాదు. వాటిని బాగుచేస్తే ఎవరికీ ఏమీ మిగలని ఏర్పాటుకు అందులో పెద్ద వాటా ఉంది.

మొదటి జవాబు 1947 అద్దె చట్టం. యుద్ధకాలపు ధరల నుంచి అద్దెదారులను కాపాడటానికి 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెనే ప్రామాణికం చేశారు. ఆ రక్షణ లేకపోతే మిల్లు కార్మికుడికి నగరం నడిబొడ్డున నీడ దక్కేది కాదు. కానీ అద్దె గడ్డకట్టినా సిమెంటు ధర, మేస్త్రి కూలి ఆగలేదు. యజమాని చేతులు దులుపుకున్నాడు. పాత చాల్‌లో టేకు దూలం నడిమికి విరగదు, గోడలో దిగిన కొస దగ్గర పుచ్చుతుంది. గది మూలనున్న మోరీ నీళ్లు గోడలోకి ఇంకి ఆ కొసను మెత్తబరుస్తాయి. పై అంతస్తు గచ్చు వాలుతుంది, తలుపు బిగుసుకుంటుంది. ఆ దశలో పైపు అతుకు మార్చి, పుచ్చిన భాగానికి పక్కన ఇనుప దూలం జోడిస్తే చాలు. ఏళ్ల తరబడి ఆ చిన్న పని జరగకపోతే బరువు పక్క దూలాల మీద పడుతుంది. చివరికి ఒక వానాకాలం మొత్తం భవనాన్నే కిందికి లాగుతుంది.

రెండో జవాబు దేశంలోనే గర్వించదగ్గది. 1969లో మహారాష్ట్ర భవనాల మరమ్మతు, పునర్నిర్మాణ బోర్డు చట్టం చేసింది. 1971లో బోర్డు పని మొదలుపెట్టింది. పాత అద్దె భవనాల మీద సెస్సు వసూలు చేసి, ప్రభుత్వ నిధి కలిపి, బోర్డే ఇంజనీర్లతో, కాంట్రాక్టర్లతో మరమ్మతు చేయిస్తుంది. 19,642 భవనాలు దీని కిందికి వచ్చాయి. ప్రైవేటు భవనమైనా అందులోని మనుషుల ప్రాణం ప్రజల బాధ్యతేనని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే చదరపు మీటరుకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని పరిమితి పెట్టారు. అది దాటితే మిగతా డబ్బు అద్దెదారులే వేసుకోవాలి, లేదంటే భవనం మరమ్మతుకు పనికిరాదని తేల్చి వాళ్లను ట్రాన్సిట్ క్యాంపుకు, అంటే తాత్కాలిక నివాసానికి, పంపాలి. దాంతో చాలాచోట్ల మూలకారణమైన చెమ్మను వదిలేసి, దూలానికి ఊతం నిలబెట్టడమే మరమ్మతు అయింది.

మూడో జవాబు 1991 అభివృద్ధి నియంత్రణ నియమాలతో వచ్చింది. సెస్సు భవనాన్ని కూల్చి కొత్తది కట్టేవారికి 33(7) నియమం అదనపు నిర్మాణ హక్కు ఇచ్చింది. పాత అద్దెదారులకు ఉచితంగా ఇళ్లు, మిగిలినవి బిల్డరుకు అమ్మకానికి. దీంతో భవనం ఎంత శిథిలమైతే స్థలం అంత త్వరగా బంగారమయ్యే లెక్క కుదిరింది. దూలం మార్చినవాడికి కూలి దక్కుతుంది, భవనం కూల్చినవాడికి ఆకాశం దక్కుతుంది. అనుమతుల కోసం, ఒప్పందాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే భవనానికి మరమ్మతు చేయడం వృథా అన్న భావన అందరిలో పాతుకుంది. 2017 ఆగస్టు 31న భిండీ బజార్‌లో కూలి ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసిన హుసేనీ భవనం పునర్నిర్మాణ పథకంలో ఉన్నదే.

తప్పంతా అద్దె చట్టానిదేనని కొందరు వాదిస్తారు. అందులో నిజం ఉంది. పాత అద్దెలను అలాగే గడ్డకట్టించి ఉంచడం న్యాయం కాదని 1997లో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ బీడీడీ చాల్‌లకు యజమాని ప్రభుత్వమే. అక్కడా కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడింది. అద్దె మీద ఆధారపడని యజమాని చేతిలోనూ ఇల్లు పాడైందంటే లోపం ఇంకా లోతుగా ఉంది: మరమ్మతును ఎవరూ ఏటేటా తప్పని పనిగా చూడలేదు. 160 చదరపు అడుగుల గదిని కాపాడమనడం పేదను అక్కడే ఉంచడం కాదా అని మరికొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. బీడీడీ కుటుంబాలకు ఇప్పుడు దక్కుతున్న 500 చదరపు అడుగుల ఇల్లు వాళ్ల హక్కు. కానీ కొత్త ఇల్లు మరమ్మతు అవసరాన్ని తీసివేయదు, పెంచుతుంది. మూడంతస్తుల చాల్‌లో మెట్లు విరిగితే మేస్త్రి చాలు. ఆకాశహర్మ్యంలో లిఫ్టు, పంపు, అగ్నిమాపక పైపు ఒక్కరోజు ఆగినా వృద్ధులు ఇంట్లో బందీలవుతారు. బీడీడీ కొత్త భవనాల్లో 12 ఏళ్ల నిర్వహణకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా హామీ ఇచ్చింది. పదమూడో ఏడు ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చి, దానికి తగిన నిధిని భవనం పేరిట విడిగా ఉంచి, ఏటా తనిఖీ నివేదికను నివాసుల చేతికి ఇవ్వాలి. 1969 చట్టం ఒప్పుకున్న బాధ్యతకు అప్పట్లో దొరకని డబ్బు, క్రమం ఈసారైనా దొరకకపోతే, మనం కడుతున్నవి రేపటి చాల్‌లే అవుతాయి.