ఆప్టికల్ ఫైబర్‌పై కాల, పౌనఃపున్య సంకేతాల ప్రసారం: చరిత్ర

పరమాణు గడియారం ఇచ్చే పౌనఃపున్యాన్ని, కాలాన్ని నిలకడ చెడకుండా ఫైబర్ గుండా దూరాలకు చేర్చే పద్ధతి ఇది. దీని చరిత్రను దూరాల రికార్డులుగా చెప్పడం పరిపాటి. ఆ రికార్డులన్నీ ఆధారపడింది ఒకే ఊహ మీద: పోయేటప్పుడు కాంతికి ఎదురైన ఒడిదుడుకులే వచ్చేటప్పుడూ ఎదురవుతాయి. పౌనఃపున్యం విషయంలో ఈ ఊహ తేలిగ్గానే నెగ్గింది. కాలం దగ్గర చాలా ఇబ్బంది పడింది. ఆ ఒడిదుడుకులు చిన్నవేమీ కావు: ఫైబర్ ఒక్క డిగ్రీ వేడెక్కితే కిలోమీటరుకు దాదాపు 40 పికోసెకన్ల ఆలస్యం పెరుగుతుంది. వెయ్యి కిలోమీటర్లకు అది 40 నానోసెకన్లు. 1980లలో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ గోల్డ్‌స్టోన్ యాంటెన్నాలకు హైడ్రోజన్ మేసర్ (ఒక రకం పరమాణు గడియారం) సంకేతం పంపడానికి పూనుకున్నప్పుడే ఈ చిక్కు ఎదురైంది. 1994లో అమెరికాలోని బౌల్డర్‌లో లాంగ్-షెంగ్ మా, జాన్ హాల్ బృందం 25 మీటర్ల ఫైబర్‌పై కాంతి పౌనఃపున్యానికి దారి చూపింది. అవతలి కొసకు చేరిన కాంతిలో కొంత వెనక్కి తిప్పి, పంపుతున్న కాంతితో పోల్చి, తేలిన ఫేజ్ తేడాలో సగాన్ని పంపేచోటే తీసివేయడం ఆ ఉపాయం.

పాతిక మీటర్ల ఉపాయం దేశాలు దాటుతుందా అన్నది సహజమైన సందేహం. మామూలు టెలికాం యాంప్లిఫయర్లు కాంతిని ఒకే దిశలో పోనిస్తాయి, కాబట్టి రెండు దిశల్లో పనిచేసేవి పెట్టాల్సి వచ్చింది. 2012లో జర్మనీలోని గార్కింగ్, బ్రౌన్‌ష్వైగ్ మధ్య 920 కిలోమీటర్ల లింకు 10⁻¹⁸ కంటే తక్కువ అనిశ్చితితో పనిచేసింది. 2015లో పారిస్, బ్రౌన్‌ష్వైగ్‌ల స్ట్రాన్షియం గడియారాలను 1415 కిలోమీటర్ల ఫైబర్‌తో పోల్చారు. రెండింటి ఎత్తుల్లో ఉన్న 25 మీటర్ల తేడావల్ల గురుత్వం తెచ్చే మార్పును సరిచేశాక, అవి 5×10⁻¹⁷ వరకు ఏకీభవించాయి. ఉపగ్రహాలుండగా ఇదంతా ఎందుకనేవారికి జవాబు ఇక్కడే ఉంది: ఇంత సూక్ష్మమైన పోలికకు ఉపగ్రహ సంకేతాల కచ్చితత్వం చాలదు. ఇందుకు ఖర్చు ఎక్కువన్న మాట నిజమే గానీ, ఇంటర్నెట్ నడుస్తున్న ఫైబర్‌లోనే ఒక చానల్ వాడుకోవచ్చని ఫ్రెంచి బృందం 540 కిలోమీటర్లపై 2012లో చూపింది. తీరని పరిమితి మరొకటి ఉంది. వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి కాంతికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకంటే వేగంగా వచ్చే అలజడిని సరిదిద్దలేం. అందుకే పొడవైన లింకులను ముక్కలుగా విడగొడతారు.

కాలం కథ వేరు. పౌనఃపున్యానికి ఆలస్యం మారకుండా ఉంటే చాలు; కాలానికి ఆ ఆలస్యం ఎంతో కూడా తెలియాలి. ఈ తేడా 2011లో ప్రపంచానికంతా తెలిసొచ్చింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాస్సో భూగర్భ ప్రయోగశాలకు న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపేరా ప్రయోగం ప్రకటించింది. చివరికి చూస్తే జీపీఎస్ సమయాన్ని భూగర్భంలోకి తెచ్చే 8 కిలోమీటర్ల ఫైబర్ కనెక్టర్ సరిగా బిగుసుకోలేదు. అందిన కాంతి బలహీనపడి రిసీవర్ సుమారు 73 నానోసెకన్లు ఆలస్యంగా స్పందించింది. గడియారం వెనకబడితే న్యూట్రినో ముందొచ్చినట్టే కనిపిస్తుంది. ఆ లోపం 2008 నుంచి నిలకడగా ఉంది గనుక పౌనఃపున్యం మాత్రమే చూసేవారికి అది కనిపించేదే కాదు. రానుపోను కాలంలో సగం తీసుకుంటే సరిపోదా అంటే, అదీ పూర్తిగా సరిపోదు: భూభ్రమణం వల్ల తూర్పుకు పోయే కాంతికీ పడమటికి పోయే కాంతికీ సమయం తేడా వస్తుంది, రెండు దిశలకు వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వాడితే వాటి వేగాలూ వేరు. తరంగదైర్ఘ్యాల వల్ల వచ్చే ఈ అసమానతను ముందే కొలిచి లెక్కలో కలుపుకోవడమే సెర్న్‌లో మొదలైన వైట్ రాబిట్ పద్ధతి బలం. ఈథర్నెట్ ఫైబర్‌పైనే అది నానోసెకనుకు లోపు కచ్చితత్వం ఇస్తుంది. దాని సూత్రాలను ఐఈఈఈ 1588-2019 ప్రమాణంలో హై అక్యురసీ ప్రొఫైల్‌గా చేర్చారు.