ఉప్పెన లెక్కకు రాని పగలు

మొన్నామధ్య ఎం.ఏ. చదివే ఒక అమ్మాయి వచ్చి వాతావరణ న్యాయం, మానవ భద్రతా విధానాల మీద పరిశోధన చేస్తానంది. ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగింది. ఐక్యరాజ్యసమితి 1994 మానవాభివృద్ధి నివేదిక చదవమన్నాను. భద్రత అంటే సరిహద్దులూ సైన్యాలే కాదు, తిండి, ఆరోగ్యం, పర్యావరణం, ఒంటి మీద దెబ్బ పడకుండా బతకడం కూడా అని మహబూబ్ ఉల్ హక్ బృందం అందులోనే విడమర్చి చెప్పింది. ఆమె వెళ్లాక అనిపించింది, ముందు దివిసీమకి పంపాల్సిందని.

1977 నవంబరు 19. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు సుమారు పదివేలు. డాబా ఉన్నవాళ్లు పైకెక్కారు. తాటాకు గుడిసెల వాళ్లకి ఎక్కడానికి ఏముంది?

మా అమ్మమ్మది నాగాయలంక వైపు పల్లె. ఉప్పెన ఆమెను ఈడ్చుకుపోయి తుమ్మకంపలో పడేసింది. చీర నీళ్లలో పోయింది. మర్నాడు పొద్దున్నే బతికినవాళ్లను వెతుక్కుంటూ మగవాళ్లు వచ్చి పిలిస్తే ఆమె పలకలేదు. సాయంత్రం ఒకావిడ గుడ్డ తెచ్చి కప్పేదాకా ఆ ముళ్లలోనే కూర్చుంది, దాహంతో. ఈ సంగతి ఇంట్లో మగవాళ్లెవరికీ తెలియదు. నాకైనా, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

1991 ఏప్రిల్ 29 తుఫానులో బంగ్లాదేశ్‌లో దాదాపు 1,38,000 మంది పోయారు. 20-44 ఏళ్ల వయసువాళ్లలో వెయ్యికి మగవాళ్లు 15 మంది, ఆడవాళ్లు 71 మంది. హెచ్చరికలు మగవాళ్లు మసిలే చోట్లకి చేరాయి. ఆడవాళ్లు పిల్లల్ని వదల్లేక, మగవాళ్లు లేకుండా గడప దాటలేక, చీరలు కాళ్లకి చుట్టుకుని పోయారు. ఈ అంకెలు చదివినప్పుడు తుమ్మకంపే కళ్లముందు మెదిలింది. చనిపోయినవాళ్లకి కనీసం ఒక పట్టిక ఉంది. బతికి బయటపడ్డ అమ్మమ్మ ఏ పట్టికలోకి వస్తుంది?

గాలి మాత్రమే చంపదు. 1990 మేలో అంతే భయంకరమైన తుఫాను మన తీరాన్నే తాకింది. ముందే లక్షలమందిని తరలించడంతో చావులు వెయ్యి దాటలేదు. అయితే తరలించిన చోట ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా, బట్ట మార్చుకునే చాటు ఉందా అన్నది కూడా భద్రతే. సముద్రాలు వేడెక్కడానికి కారణమైన దేశాలు 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో నష్టపరిహార నిధికి ఒప్పుకున్నాయి. మంచిదే. ఆ పగటికి దరఖాస్తులో ఏ గడి ఉంటుందో!

ఆ అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. కాసేపాగి అడిగింది:

"గుడ్డ తెచ్చినావిడ ఎవరు మేడమ్?"

నేను అమ్మమ్మని ఎప్పుడూ అడగలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది.