క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు: పిల్లలు మొదలుపెట్టించిన అలవాట్లు



డిసెంబర్ వచ్చిందంటే మన ఊళ్లలో, హాస్టళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. సెమీ క్రిస్మస్ కేకులు, క్యారల్స్ రౌండ్లు, కొత్త బట్టల లెక్కలు, చందాలు. తీరా 25వ తారీఖు వచ్చేసరికి పండుగ ముందే అయిపోయినట్టు ఉంటుంది. చేతిలో డబ్బులు కూడా అయిపోయి ఉంటాయి. కొన్ని ఇళ్లలో అప్పు మిగులుతుంది. మరి ఈ ముందు వారాలను అసలు దేనికి పెట్టారు? ఇవి ఖర్చు కోసం పెట్టినవా? మనలో చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు, ఊరి దేవతకు మొక్కేవాళ్లు ఉన్నారు. ఎవరినీ ఇటు అటు లాగడానికి కాదు, చరిత్ర ఏం చెబుతుందో తెలుసుకోవడానికే ఇది రాస్తున్నాం.

ఈ రోజులను ఇంగ్లీషులో అడ్వెంట్ అంటారు. లాటిన్‌లో 'అద్వెంతుస్' అంటే రాక. మన తెలుగు చర్చిల్లో కొన్ని దీన్నే ఆగమన కాలం అంటాయి. నవంబర్ 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలై, క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు ఇందులో ఉంటాయి.

మొదట్లో ఇది ఉపవాస కాలం. 5వ శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని టూర్ పట్టణంలో పెర్పెతూస్ అనే బిషప్ ఉండేవాడు. నవంబర్ 11న వచ్చే మార్టిన్ భక్తుని పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి 3 రోజులు ఉపవాసం ఉండాలని ఆయన నియమం పెట్టాడు. తర్వాతి శతాబ్దంలో మాకోన్ పట్టణంలో కూడిన చర్చి సభ, ఆ ఉపవాసం సోమ, బుధ, శుక్రవారాల్లో చేయాలని చెప్పింది. రోమ్ చర్చిలో ఇది నాలుగు ఆదివారాలకు కుదిరింది. మన పక్కనున్న కేరళలో సిరియన్ క్రైస్తవులు ఇప్పటికీ డిసెంబర్ 1 నుంచి 25 రోజుల నోన్పు పడతారు. మాంసం, చేప మానేస్తారు. అంటే పండుగకు ముందు తినడం తగ్గించడమే పాత పద్ధతి. విందు తర్వాత.

ఇది మనకు కొత్తగా అనిపించదు. కొత్తల పండుగ చేసి, పెద్దలకూ దేవతకూ పెట్టేదాకా కొత్త చిక్కుడు నోట పెట్టని ఊళ్లు మనవి. చెట్టు నిండా కాయలున్నా, పండుగ కాకుండా మామిడికాయ ముట్టని ఇళ్లు మనవి. కాయ లేక ఆగడం కాదది, ఉన్నా ఆగడం. ఆ ఆగడంలోనే పండుగకు విలువ వస్తుందని మన తాతలకు తెలుసు. అడ్వెంట్ వెనుక ఉన్న తెలివి కూడా అలాంటిదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ కాలంలో వెలిగించే కొవ్వొత్తుల వలయాన్ని ఏ రాజో, పెద్ద గుడిలోని పూజారో మొదలుపెట్టలేదు. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్రిఖ్ విఖర్న్ అనే యువకుడు పేదల వాడలో సండే స్కూల్ చెప్పేవాడు. ఆ ఇళ్లలోని ఆకలి, పిల్లల పరిస్థితి చూసి ఊరుకోలేక, 1833లో నగరం బయట హోర్న్ అనే ఊళ్లో ఒక పాత ఇంట్లో పిల్లల గృహం తెరిచాడు. దాని పేరు రావుహెస్ హౌస్. పిల్లలను జైలు లాంటి పెద్ద హాలులో కుక్కకుండా, సుమారు 12 మందిని ఒక కుటుంబంలా పెట్టి, ఒక్కో గుంపుకు ఒక 'అన్న'ను ఇచ్చాడు. వచ్చిన పిల్లాడి పాత తప్పులు ఎవరూ ఎత్తకూడదన్నది అక్కడి పద్ధతి.

డిసెంబర్ వస్తే ఆ పిల్లలు రోజూ అడిగేవారట, క్రిస్మస్ ఇంకెన్ని రోజులని. ఇల్లు లేని పిల్లలకు పండుగ ఎదురుచూపు ఎంత బరువో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1839లో విఖర్న్ ఒక పాత బండి చక్రం తీసుకుని దాని మీద కొవ్వొత్తులు పెట్టించాడు. ఆ ఏడాది డిసెంబర్ 1 ఆదివారం అయింది. నాలుగు ఆదివారాలకు 4 పెద్ద తెల్లవి, మిగతా రోజులకు 20 చిన్న ఎర్రవి. మొత్తం 24. రోజూ అందరూ కూడి, పాట పాడి, వాక్యం విని, ఇంకొకటి వెలిగించేవారు. పిల్లలు లెక్క నేర్చుకున్నారు, ఓపిక నేర్చుకున్నారు, చీకటి నెలలో రోజుకింత వెలుగు పెరగడం కళ్లారా చూశారు. అక్కడ తయారైన సేవకులు వేరే ఊళ్లకు వెళ్తూ ఈ అలవాటును తీసుకెళ్లారు. తర్వాత్తర్వాత పచ్చని కొమ్మలు చేరాయి, ఇళ్లలో పెట్టుకోవడానికి వీలుగా కొవ్వొత్తులు నాలుగే మిగిలాయి.

రెండోది కాగితపు నక్షత్రం. 19వ శతాబ్దంలో జర్మనీలోనే నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ చర్చి వాళ్ల బోర్డింగ్ స్కూల్ ఉండేది. తల్లిదండ్రులు దూరదేశాల్లో మిషనరీ పనిలో ఉంటే, ఆ పిల్లలు అక్కడ ఉండి చదివేవారు. లెక్కల పాఠంలో కోణాలు నేర్పడానికి చేయించిన కాగితపు నక్షత్రమే తర్వాత అడ్వెంట్ గుర్తు అయింది. మన కుర్రాళ్లు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి కట్టే నక్షత్రం దానికి తమ్ముడి లాంటిది. అదీ హాస్టల్ పిల్లల చేతిపనే, ఇదీ చాలా చోట్ల అంతే.

మూడోది రోజులు లెక్కపెట్టడం. జర్మనీలో కొన్ని ఇళ్లలో తలుపు మీద సుద్దముక్కతో 24 గీతలు గీసేవారు. పిల్లలు రోజుకో గీత చెరిపేవారు. కొన్ని ఇళ్లలో పశువుల తొట్టి బొమ్మ పెట్టి, రోజుకో గడ్డిపరక వేసేవారు. 20వ శతాబ్దం మొదట్లో మ్యూనిక్‌లో గేర్హార్డ్ లాంగ్ ఈ లెక్కనే కాగితం మీద అచ్చువేసి క్యాలెండర్‌గా అమ్మాడు. ఇప్పుడు అది చాక్లెట్ కంపెనీల సరుకైంది. కానీ దాని మొదలు సుద్దముక్క, గడ్డిపరక.

ఈ పాత చరిత్రకూ మన కొండలకూ సంబంధం ఉంది. హాంబర్గ్‌కు ఉత్తరాన బ్రెక్లుం అనే ఊళ్లో 1876లో ఒక లూథరన్ మిషన్ మొదలైంది. ఆ మిషన్ వాళ్లు 1882లో మన దేశానికి వచ్చి, కోరాపుట్, జయపురం కొండల్లో, ఇటు సాలూరు వైపు కూడా పనిచేశారు. అంటే ఈ అలవాట్లు పుట్టిన నేల నుంచే మన కొండలకు మనుషులు వచ్చారు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఈ వారాలు డబ్బున్నవాళ్ల కోసం పుట్టినవి కావు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లల దగ్గర, పాత చక్రం, కాగితం, సుద్దముక్కతో మొదలైనవి. అందుకే ఖర్చు చేయలేకపోతే క్రిస్మస్ చేయలేదన్న సిగ్గు ఎవరూ పడక్కర్లేదు. నమ్మేవాళ్లు ఈసారి ఇవి చేసి చూడొచ్చు.

లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చదివితే 24వ తారీఖుకు పూర్తవుతుంది. మన భాషలో పుస్తకం ఉంటే అందులోనే చదవండి, చదవడం రాని అమ్మానాన్నలకు, అమ్మమ్మలకు ఫోన్‌లో వినిపించండి. ఆదివారం రాత్రి ఒక్క దీపం చాలు. హాస్టల్ గదిలో మంట వద్దంటే గోడ మీద పెన్సిల్ గీత కాకుండా నోటుబుక్కులో 24 గీతలు గీసుకోండి. వారానికి ఒక పూట టిఫిన్ మానేసి, ఆ డబ్బు ఇంటికి వెళ్లడానికి బస్సు చార్జీ లేని తోటి విద్యార్థికి ఇవ్వండి. మాట్లాడటం మానేసిన ఒకరితో మళ్లీ మాట్లాడండి.

నమ్మని మిత్రులు కూడా చివరి రెండూ చేయొచ్చు, తప్పేం లేదు. మీ ఊళ్లో పండుగకు ముందు ఏం ముట్టరో, ఎన్ని రోజులు ఆగుతారో, ఎందుకు ఆగుతారో పెద్దవాళ్లను అడిగి రాయండి. వాళ్లు ఉన్నప్పుడే రాసి పెట్టుకుందాం.