పేరు పోయిన కథలు

నాన్న కథ చెబుతుంటే నేను టైపు కొట్టేవాణ్ణి. పేరు మాత్రం ఆఖర్న, సేవ్ చేసేటప్పుడు చెప్పేవారు. అందుకని కథలో ఎక్కడా పేరుండదు, ఫైలుకే ఉంటుంది. అదెంత ప్రమాదమో ఆయన పోయాక, ఓ రాత్రి కరెంటు పోతే తెలిసింది. పాత లినక్స్ పెట్టె మళ్ళీ లేచింది గానీ, నల్ల తెర మీద ఆగిపోయి ఎఫ్‌ఎస్‌సీకే నడపమంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. అందులో ఫైలుకి తన పేరు తెలీదు. పేరు డైరెక్టరీలో ఉంటుంది, వివరాలు ఐనోడ్‌లో, అసలు రాత బ్లాకుల్లో. మూడూ ఒకేసారి డిస్క్ మీదికి ఎక్కవు. మధ్యలో కరెంటు పోతే లెక్క తప్పుతుంది.

1979 నాటి ఏడో యూనిక్స్‌లో ఈ లెక్క సరిచూడ్డానికి విడివిడి పనిముట్లుండేవి. ఐచెక్ బ్లాకులు చూసేది, డీచెక్ లింకులు లెక్కపెట్టేది, ఎన్‌చెక్ ఐనోడ్ నంబరిస్తే పేరు చెప్పేది. ఏది ఉంచాలో ఏది తుడవాలో తేల్చుకోవాల్సింది మాత్రం మనిషే. ఆ పనంతా ఒకే ప్రోగ్రాములోకి తెచ్చినవాడు బెల్ ల్యాబ్స్‌లోనే ఉన్న టి. జె. కొవాల్‌స్కీ. అదే ఎఫ్‌ఎస్‌సీకే. బ్లాకులు, దారులు, అతుకులు, లింకులు, ఖాళీ జాగా: ఐదు దశల్లో చూస్తుంది. బర్క్‌లీలో కిర్క్ మెక్యూసిక్ దాన్ని తమ కొత్త ఫైల్ సిస్టమ్‌కి తగ్గట్టు మార్చాడు.

దిక్కులేని ఫైళ్ళని అది 'లాస్ట్+ఫౌండ్' అనే డైరెక్టరీలో చేరుస్తుంది. ఆ డైరెక్టరీని ముందే, కాస్త జాగాతో సహా కట్టి ఉంచేవారు. ఖాళీ జాగా లెక్కే అనుమానంలో ఉన్నప్పుడు కొత్త బ్లాకు అడగకూడదు కదా!

నాది జర్నల్ లేని ఎక్స్‌ట్2. జర్నల్‌తో ఎక్స్‌ట్3 2001లోనే లినక్స్‌లోకి వచ్చింది, నేనే మారలేదు. అడిగిన ప్రతిదానికీ 'వై' నొక్కుతూ పోయాను. చివరికి డిస్క్ శుభ్రంగా ఉందని తేల్చింది. లాస్ట్+ఫౌండ్‌లో పదకొండు ఫైళ్ళు, పేర్ల చోట వరుసగా నంబర్లు. తెరిస్తే ప్రతి కథా అక్షరం పోకుండా ఉంది. పోయింది డైరెక్టరీ ఒక్కటే. ఎన్‌చెక్ లాంటిదైనా పేరు కోసం చదవాల్సింది ఆ డైరెక్టరీనే.

ఎఫ్‌ఎస్‌సీకేని తప్పుపట్టలేను. దాని పని లెక్క కుదర్చడం, అది కుదిర్చింది. ఏడు కథల పేర్లు గుర్తు చేసుకుని పెట్టాను. మిగతా నాలుగింటికి నాకు తోచిన పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పటికీ అవి నంబర్లతోనే ఉన్నాయి.