బయటికి వెళ్లాల్సింది ఎవరు?

1984లో నాకు పదమూడేళ్లు. గాజువాకలో హైవే పక్కన ఖాళీ స్థలంలో ఎగ్జిబిషన్ పెట్టారు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఒరిస్సా నుంచి, బీహార్ నుంచి, మన జిల్లాల నుంచి పనికోసం వచ్చిన మగవాళ్లతో ఊరంతా కిటకిటలాడేది. మాది ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో ఒకటి. నాన్న చేతిలో ఆర్ కార్డు ఉంది గానీ ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా అమ్మ ఎక్కడో దాచిన డబ్బులు తీసి, పిన్నినీ నన్నూ వెంటబెట్టుకుని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లింది.

జెయింట్ వీల్ దగ్గర లైన్లో నిలబడ్డాం. వెనకనుంచి ఒక చెయ్యి నా వంటిమీదికొచ్చింది. మొదట పొరపాటున తగిలిందేమో అనుకున్నాను. రెండోసారి అర్థమైంది. నేను నోరు విప్పేలోపే అమ్మ చూసేసింది. చెప్పు తీసి, "నీకు అప్పచెల్లెళ్లు నేరేటిరా?" అంటూ వాడిమీదికి వెళ్లింది. జనం మూగారు. నడిపేవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడితో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. అమ్మ వైపు తిరిగి, "రాత్రిపూట ఆడపిల్లని తీసుకుని ఇంత జనంలోకి ఎందుకొచ్చారమ్మా? అల్లరైతే ఆట ఆగిపోద్ది, నష్టం నాకు. మీ డబ్బులు మీరు తీసుకుని వెళ్లిపోండి" అని మూడు టిక్కెట్ల డబ్బులు ఆమె చేతిలో పెట్టాడు.

గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. వాడు జెయింట్ వీల్‌లో పైకి వెళుతున్నాడు.

ఎన్నో ఏళ్లు నాకా రాత్రి వాడి చెయ్యే గుర్తుండేది. ఈ మధ్య నడిపేవాడు గుర్తొస్తున్నాడు. వాడు చెడ్డవాడేమీ కాదు. మా డబ్బులు నిజాయితీగా తిరిగిచ్చాడు. గొడవ జరిగితే ఎవరినో ఒకరిని బయటికి పంపాలని వాడికి తెలుసు. ఎవరిని పంపితే తనకు తేలికో కూడా తెలుసు. వినోద స్థలాల్లో సరిగా ప్రవర్తించనివాళ్లను ఏం చేస్తారన్న ప్రశ్నకు ప్రపంచంలో పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రను చదివినకొద్దీ, మా జెయింట్ వీల్ యజమాని ఒంటరివాడు కాదని అర్థమైంది.

అమెరికాలో డిస్నీలాండ్ 1955 జులై 17న తెరిచారు. అంతకుముందు అక్కడి వినోద స్థలాలు చాలావరకు మన ఎగ్జిబిషన్ల లాంటివే. ఎవరైనా రావచ్చు, తిరగొచ్చు, ఎక్కదలుచుకున్నదానికి టిక్కెట్టు కొనుక్కోవచ్చు. వాల్ట్ డిస్నీకి ఆ రద్దీ, ఆ మురికి నచ్చలేదు. చుట్టూ కంచె, ఒకే గేటు, గేటు దగ్గరే ప్రవేశ రుసుం పెట్టాడు. లోపలికి వచ్చినవాళ్లను కస్టమర్ అనకుండా 'గెస్ట్' అనమన్నాడు. అతిథి అన్న మాట వినడానికి బాగుంటుంది. అయితే అతిథిని పిలవడం, పొమ్మనడం రెండూ ఇంటి యజమాని చేతిలోనే ఉంటాయి. 1960ల్లో జుట్టు పొడుగ్గా పెంచుకున్న కుర్రాళ్లను ఆ గేటు దగ్గరే వెనక్కి పంపేవారు. 1980లో కలిసి నాట్యం చేసిన ఇద్దరు యువకులను సిబ్బంది బయటికి పంపేశారు. వాళ్లలో ఒకరు పట్టువదలకుండా పోరాడితే 1984లో కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. నన్ను గాజువాకలో బయటికి పంపిన సంవత్సరమే అది.

నల్లజాతి పిల్లలైతే గేటు దాకా కూడా రాలేకపోయారు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలునుంచి రాసిన ఉత్తరంలో తన ఆరేళ్ల కూతురి సంగతి చెబుతాడు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్‌కి తీసుకెళ్లమని అడిగిన పిల్లకి, అది నల్లపిల్లలకి కాదని చెప్పాల్సివచ్చిన తండ్రి దుఃఖం అది. మేరీలాండ్‌లో గ్లెన్ ఎకో అనే పార్కులో 1960 జూన్ 30న ఐదుగురు నల్లజాతి విద్యార్థులు రంగులరాట్నం ఎక్కి కూర్చున్నారు. వాళ్ల దగ్గర టిక్కెట్లున్నాయి. ఎవరినీ ఏమీ అనలేదు. అయినా పార్కు కాపలాదారు వాళ్లను అరెస్టు చేశాడు. అక్కడ కూర్చోవడమే వాళ్ల నేరం. ఆ శిక్షలను 1964లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

అంటే బయటికి పంపడం చేతకాక కాదు. ఈ స్థలాల యజమానులకు ఆ విద్య బాగా తెలుసు. నల్లపిల్లలు రాట్నం ఎక్కితే, కుర్రాడు జుట్టు పెంచితే క్షణాల్లో కదులుతారు. ఆడపిల్లమీద చెయ్యి పడినప్పుడే వాళ్లకి 'గొడవెందుకు' అన్న మాట గుర్తొస్తుంది.

మన వైపు కంచెలూ గేట్లూ లేని రోజుల్లో స్త్రీలకి వినోదం ఎక్కడ దొరికేది? ఉత్తరాంధ్రలో తీర్థాలుండేవి. శివరాత్రికి అప్పికొండ తీర్థానికి మా అమ్మమ్మ తరం వాళ్లు గుంపులుగా నడిచి వెళ్లేవారు. సముద్రస్నానం చేసి, సోమేశ్వరుణ్ని చూసి, గాజులు వేయించుకుని, జీళ్లు కొనుక్కుని వచ్చేవారు. ఆ తీర్థం స్వర్గమని నేను అనను. ఎవరు ఎక్కడ నిలబడాలో కులం చెప్పేది. వేధింపు జరిగితే బయటికి రాకుండా పెద్దలు కప్పెట్టేవారు. కాకపోతే వెళ్లిన ఆడవాళ్లు ఒకరినొకరు ఎరిగినవాళ్లు. అల్లరి చేసినవాడు ఏ ఊరివాడో, ఎవరి కొడుకో ఎవరో ఒకరు చెప్పగలిగేవారు. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు పోయాయని ఇక్కడివాళ్లం చెప్పుకుంటాం. భూములకు ఎంతో కొంత లెక్క కట్టారు. ఆ గుంపు విచ్ఛిన్నమైనందుకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు. 1984లో జెయింట్ వీల్ లైన్లో నిలబడ్డ మా అమ్మ వెనక ఊరు లేదు. పిన్నీ, పదమూడేళ్ల నేనూ ఉన్నాం, అంతే.

తెలుగునాట స్త్రీల వినోదం గురించి మరో పద్ధతిలో ఆలోచించిన చోటు హైదరాబాద్ నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. అక్కడ ఒక రోజు 'లేడీస్ డే' జరుపుతారు. ఆ రోజు లోపలికి స్త్రీలకే ప్రవేశం. ఆ రోజుకి వెళ్లినవాళ్లను అడిగితే కళ్లు మెరుస్తాయి. చున్నీ సర్దుకోవక్కర్లేదు, చేతిసంచీని గుండెలకి హత్తుకుని నడవక్కర్లేదు, నచ్చినంతసేపు నిలబడి బేరమాడొచ్చు. అయితే నెలన్నర జరిగే ఎగ్జిబిషన్‌లో ఒక్కరోజు స్త్రీలదైతే, తక్కిన రోజులు ఎవరివి? ఆ ఒక్కరోజు మగవాళ్లను బయట ఉంచడమే, మిగతా రోజుల్లో లోపల ఏం జరుగుతుందో నిర్వాహకులకు తెలుసునని చెప్పే సాక్ష్యం.

మిగతా రోజుల కోసం పోలీసులు వచ్చారు. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో 'షీ టీమ్స్' మొదలయ్యాయి. మామూలు బట్టల్లో చిన్న బృందాలుగా జనంలో కలిసిపోయి, వేధించేవాణ్ని వీడియో తీసి, సాక్ష్యంతో పట్టుకుంటారు. తీవ్రతను బట్టి కేసు పెడతారు, లేదా కుటుంబసభ్యుల ఎదుట కౌన్సెలింగ్ ఇస్తారు. నుమాయిష్‌లోనూ, బోనాల్లోనూ, ఖైరతాబాద్ వినాయకుడి దగ్గరా వీళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. దీన్ని తక్కువ చేయను. పట్టుబడ్డవాడి భార్యనో తల్లినో స్టేషన్‌కి పిలిపించి, ఆవిడ తలదించుకునేలా చేయడం మాత్రం నాకు మింగుడుపడదు. వాడి తప్పుకి ఆ ఇంట్లో ఆడవాళ్లు మరోసారి పూచీ పడాలా?

పార్కుల్లోకి లాఠీ వస్తే అది ఎవరిమీద పడుతుందో కూడా చూశాం. 2005 డిసెంబర్‌లో మీరట్‌లోని గాంధీ పార్కులో 'ఆపరేషన్ మజ్నూ' పేరిట పోలీసులు వెళ్లి, బెంచీలమీద కూర్చున్న జంటలను టీవీ కెమెరాల ముందు చెంపదెబ్బలు కొట్టారు. కొట్టినవాళ్లలో మహిళా పోలీసులున్నారు. వేధించేవాళ్లను పట్టుకుంటామని వెళ్లి, ఇష్టపడి పక్కపక్కన కూర్చున్నవాళ్లను పట్టుకున్నారు. వేధింపుకీ ప్రేమకీ తేడా స్త్రీ ఇష్టంలో ఉంది. ఆ ఇష్టాన్ని అడగని ఏ కాపలా అయినా చివరికి మనమీదే కాపలా అవుతుంది. మన విశాఖలోనూ ఆర్.కె. బీచ్‌లోనో కైలాసగిరి మీదో కూర్చున్న జంటల్ని చూసి మొహం చిట్లించే పెద్దలు, బస్టాపులో పిల్లల్ని రాసుకుంటూ పోయేవాణ్ని చూసి మొహం తిప్పుకోవడం చూస్తూనే ఉన్నాం.

చట్టం ఏం చెప్పింది? 1860 నాటి శిక్షాస్మృతిలో 354, 509 సెక్షన్లు స్త్రీ 'మర్యాద' గురించి మాట్లాడాయి. ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కు గురించి కాదు. 1998లో చెన్నైలో సారికా షా అనే విద్యార్థిని వేధింపులకు బలైపోయాక తమిళనాడు ప్రత్యేక చట్టం తెచ్చింది. 2012 నవంబర్ 30న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ కేసులో వేధించినవాడు ఎవరో తెలుసా? కుర్తాళం జలపాతాల సీజన్‌లో బందోబస్తుకి వేసిన పోలీసు! డ్యూటీ వదిలి, తాగి, తెన్‌కాశి బస్టాండ్‌లో ఒక స్త్రీని వేధించాడు. క్రిమినల్ కేసులో విడుదలైనా, అతణ్ని ఉద్యోగంలోంచి తీసేయడం సరైనదేనని సుప్రీంకోర్టు చెప్పింది. బస్టాండ్లు, సినిమాహాళ్లు, షాపింగ్ మాల్స్, పార్కులు, బీచ్‌లలో మామూలు దుస్తుల్లో మహిళా పోలీసులను పెట్టమంది. సినిమాహాళ్లు, విద్యాసంస్థలు, బస్టాండ్ల వంటి స్థలాల బాధ్యులు ఫిర్యాదు అందగానే పోలీసులకో, మహిళా సహాయ కేంద్రానికో తెలపాలని ఆదేశించింది.

ఆ తీర్పు చదివి నాకు జెయింట్ వీల్ యజమాని గుర్తొచ్చాడు. టిక్కెట్టు అమ్మినవాడికి బాధ్యత ఉందని ఒక కోర్టు అన్నది కదా అనిపించింది. తర్వాత మళ్లీ చదివాను. పోలీసులను పెట్టాల్సిన చోట్ల జాబితాలో పార్కులున్నాయి. బాధ్యులు ఫిర్యాదు అందించాల్సిన చోట్ల జాబితాలో పార్కు అన్న మాట లేదు. 2013లో లైంగిక వేధింపు, వెంటాడడం వంటివి స్పష్టమైన నేరాలయ్యాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 74 నుంచి 79 దాకా సెక్షన్లుగా అవి కొనసాగుతున్నాయి. వేధించినవాడికి శిక్ష ఉంది. ఆ రాత్రి నన్ను బయటికి పంపి వాణ్ని లోపల ఉంచినవాడికి మాత్రం ఈ సెక్షన్లలో పేరు లేదు.

ఈ సంగతంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా చెల్లి కూతురు ఒక వాటర్ పార్కులో పనిచేసింది. జారుడుబల్ల దగ్గర నిలబడి, ఒకరి తర్వాత ఒకరిని వదలడం ఆమె పని. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని, గెస్ట్‌తో వాదించకూడదని శిక్షణలో చెప్పారట. ఒకరోజు తాగి వచ్చిన గుంపులో ఒకడు ఆమె నడుం పట్టుకున్నాడు. సూపర్‌వైజర్‌కి చెప్పింది. అతను ఎంతో సానుభూతిగా విని, మర్నాటినుంచి ఆమెను లోపల స్టోర్ రూమ్‌కి మార్చాడు. "నీ సేఫ్టీ కోసమే" అన్నాడట. గెస్ట్ సాయంత్రం దాకా నీళ్లలో ఆడుకునే వెళ్లాడు. నెల తిరక్కుండానే ఆమె ఆ ఉద్యోగం మానేసింది.

పని స్థలాల్లో వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో 19వ సెక్షన్ ఉంది. పనిచోటుకి వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించడం యజమాని విధి అని అది చెబుతుంది. అంటే టిక్కెట్టు కొన్నవాడు కూడా ఆ పరిధిలోకి వస్తాడు. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పేసరికి ఆలస్యమైపోయింది. నలభై ఏళ్ల తేడాతో మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్ని ఒకే పద్ధతిలో పక్కకి తప్పించారు. నాకు టిక్కెట్టు డబ్బులు తిరిగిచ్చారు, ఆమెకు స్టోర్ రూమ్ ఇచ్చారు.

అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. ఆ మధ్య ఈ వ్యాసం గురించి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చెప్పు తీసినందుకు నాన్న తిట్టిన సంగతి చెబుతుందేమో అనుకున్నాను. "ఆ డబ్బులు అట్టుకోకుండా ఉండాల్సింది" అంది. "అట్టుకున్నాం కాబట్టే ఎల్లిపోవాల్సొచ్చింది. నాను ఎక్కుతాను, ఆడినే దింపండి అనాల్సింది."

ఇంతకు మించి నేను చెప్పగలిగేదేమీ లేదు. నేను చూసిన పార్కుల్లో పూలు కోయరాదు, గడ్డి తొక్కరాదు అని బోర్డులుంటాయి. వేధింపు జరిగితే ఎవరితో చెప్పాలో, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో రాసిన బోర్డు టిక్కెట్ కౌంటర్ దగ్గరే ఉండాలని అడుగుదాం. ఫిర్యాదు చేసిన స్త్రీని 'నీతో ఎవరొచ్చారు' అని అడగకూడదని, ముందు ఆటలోంచి వాణ్ని దింపాలని అడుగుదాం. అక్కడ పనిచేసే ఆడపిల్లకి నవ్వడంతో పాటు 'నిన్ను వదలను, దిగు' అనే అధికారం కూడా ఇమ్మని అడుగుదాం. మళ్లీ ఎవరైనా మన చేతిలో టిక్కెట్టు డబ్బులు పెట్టబోతే, మా అమ్మ చెప్పినట్టు, తీసుకోకుండా లైన్లోనే నిలబడదాం.