విద్యుత్ పడవలకు బ్యాటరీ చార్జర్ల ఎంపిక, ఏర్పాటు: పరిగణించవలసిన అంశాలు

అబ్దుల్లాపూర్‌మెట్ (రంగారెడ్డి జిల్లా): కుతుబ్‌షాహీల కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు, హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ వంటి జలాశయాలు రాష్ట్రంలో అనేకం ఉన్నవి. 2016లో జిల్లాల పునర్విభజన సందర్భంగా ఏర్పడిన అబ్దుల్లాపూర్‌మెట్ మండలం, దానికి దక్షిణాన గల ఇబ్రహీంపట్నం ప్రాంతం నగరానికి చేరువలో ఉన్నందున పర్యాటకుల రాకపోకలు అధికం. ఇటువంటి చెరువులలో డీజిల్ పడవలకు బదులు విద్యుత్ పడవలు నడపదలచినచోట నీటిపై చమురు తెట్టు, పొగ, శబ్దం ఉండవు. అయితే ప్రతిపాదనలలో పడవకు, మోటారుకు, బ్యాటరీకి ఇచ్చిన ప్రాధాన్యం చార్జరుకు ఇవ్వడం లేదు. చివరలో, తక్కువ ధరకు కొనే వస్తువుగా దానిని పరిగణించడం పొరపాటు. బ్యాటరీ ఎన్నేళ్లు మన్నేదీ, రేవులో నిలుచున్న వ్యక్తికి విద్యుదాఘాతం తగిలేదీ లేనిదీ చాలావరకు చార్జరు, దాని ఏర్పాటుపైనే ఆధారపడి ఉంటుంది.

బ్యాటరీ రకాన్ని బట్టి చార్జరు

నీరు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ, మూసివుండే జెల్ బ్యాటరీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పైకి ఒకే వోల్టేజీవిగా కనిపించినా వాటి అవసరాలు వేరు. 12 వోల్టుల నీటి బ్యాటరీని సుమారు 14.4 వోల్టుల వరకు చార్జి చేసి, ఆపై 13.5 వోల్టుల వద్ద నిలిపి ఉంచడం పరిపాటి. జెల్ రకానికి అంత వోల్టేజీ ఇచ్చిన పక్షంలో లోపలి జెల్ దెబ్బతింటుంది, దానిని తిరిగి బాగుచేయడం సాధ్యం కాదు. లెడ్ యాసిడ్ చార్జర్లలో సల్ఫేషన్ తొలగించేందుకు వోల్టేజీని మరింత పెంచే దశ ఒకటి ఉంటుంది. దీనిని లిథియం బ్యాటరీపై ప్రయోగించరాదు. లిథియం బ్యాటరీకి అందులోని రక్షణ సర్క్యూట్‌తో అనుసంధానమై, ఆ సర్క్యూట్ వద్దన్న వెంటనే కరెంటు నిలిపివేసే చార్జరునే ఎంచుకొనవలెను.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాలో ఉష్ణోగ్రత మరొక ముఖ్యాంశం. తయారీదారులు పేర్కొనే వోల్టేజీలు సాధారణంగా 25 డిగ్రీలకు సంబంధించినవి. ఆపై ప్రతి డిగ్రీకి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కొక్క సెల్లుకు 3 నుంచి 4 మిల్లీవోల్టులు తగ్గించవలసి ఉంటుంది. 48 వోల్టుల సముదాయంలో 24 సెల్లులు ఉంటాయి కనుక 40 డిగ్రీల వద్ద ఈ తగ్గింపు 1.1 నుంచి 1.4 వోల్టులు అవుతుంది. బ్యాటరీకి అంటించే ఉష్ణోగ్రత సెన్సారు లేని చార్జరు ఈ పని చేయలేదు. ఫలితంగా నీరు త్వరగా ఇంకి, పలకలు పాడవుతాయి. లిథియం బ్యాటరీలను అధిక వేడిలో చార్జి చేయుట మంచిది కాదు. అందువలన మధ్యాహ్నపు ప్రయాణం ముగిసిన వెంటనే కాక, రాత్రివేళ చార్జి చేయుట శ్రేయస్కరం.

సామర్థ్యం, విద్యుత్ లోడ్

200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు నాలుగు కలిపిన 48 వోల్టుల పడవను ఉదాహరణగా తీసుకొనవచ్చు. పగలంతా తిరిగి సగం వాడుకున్న పక్షంలో, నష్టాలు కలుపుకొని 115 నుంచి 120 ఆంపియర్ అవర్లు తిరిగి నింపవలెను. 25 ఆంపియర్ల చార్జరుతో లెక్క ప్రకారం ఐదు గంటలలోపు పూర్తి కావలసి ఉన్నా, చివరి దశలో కరెంటు దానంతట అదే తగ్గుతుంది గనుక ఏడెనిమిది గంటలు పడుతుంది. అనగా రాత్రి ఒక చార్జింగ్ సరిపోతుంది. ఈ చార్జరుకు సుమారు 1.7 కిలోవాట్లు అవసరం. ఒక పడవకు సింగిల్ ఫేజ్ సరఫరా చాలును. పది పడవలు ఏకకాలంలో చార్జి కావలెనన్న 17 కిలోవాట్లు అవుతుంది. కనుక త్రీ ఫేజ్ కనెక్షన్‌కు, తగిన లోడ్‌కు విద్యుత్ పంపిణీ సంస్థ వద్ద ముందే దరఖాస్తు చేసుకొనవలెను.

పగటిపూట ప్రయాణాల నడుమ చార్జి చేయదలచినవారికి లెడ్ యాసిడ్ అనుకూలం కాదు. అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీని, తయారీదారు అనుమతించిన పక్షంలో, 100 ఆంపియర్లతో రెండు గంటల్లో నింపవచ్చు, కానీ ఒక్కొక్క చార్జరుకు ఆరు కిలోవాట్లు కావలెను. కేరళ జలరవాణా శాఖ 2017 జనవరిలో వైకోం - తవణక్కడవు మధ్య ప్రవేశపెట్టిన 75 సీట్ల 'ఆదిత్య' పడవ పైకప్పుపై సౌర ఫలకాలు ఉన్నందున రేవులో చార్జింగ్ భారం తగ్గింది. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో ఇందుకు భిన్నంగా త్వరితగతిన చార్జి అయ్యే లిథియం టైటనేట్ బ్యాటరీలు వాడి, టెర్మినళ్ల వద్దనే చార్జింగ్ ఏర్పాట్లు చేశారు. నిర్ణీత వేళల ప్రకారం నడిచే ప్రయాణికుల సర్వీసుకు ఈ వ్యయం తగినదే. సెలవు దినాలలో మాత్రమే రద్దీ ఉండే చెరువుకు అంత ఖర్చు అవసరం లేదు.

చార్జరు ఎక్కడ ఉండవలెను?

చిన్న పడవల విషయంలో చార్జరును గట్టుపై ఉంచి, పడవ వద్దకు 48 వోల్టుల తీగను మాత్రమే తీసుకువెళ్లుట మేలైన పద్ధతి. 230 వోల్టుల సరఫరా నీటి అంచుకు చేరకపోవడమే ఇందులోని లాభం. మంచినీటి చెరువులలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఉప్పునీటి కంటే మంచినీరు కరెంటును తక్కువగా ప్రవహింపజేస్తుంది గనుక నీటిలో పడిన మనిషి శరీరమే కరెంటుకు సులభమైన మార్గమవుతుంది. కొద్దిపాటి లీకేజి కరెంటుకే కండరాలు పట్టేసి ఈతగాడు మునిగిపోయే ప్రమాదం ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కు గమనార్హం. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అనగా జి.ఓ. ఎం.ఎస్. నెం. 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువులకు పూర్తి నీటిమట్టపు సరిహద్దు నుంచి 30 మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం. చార్జింగ్ గది అంతకు ఆవల ఉండవలెను. అంతదూరం నుంచి 10 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో 25 ఆంపియర్లు పంపిన పక్షంలో రానుపోను 60 మీటర్లలో సుమారు 2.7 వోల్టులు తగ్గుతాయి. బ్యాటరీ నిండకముందే నిండినట్లు చార్జరు భ్రమపడి కరెంటు తగ్గిస్తుంది, ఉదయానికి పడవ పూర్తి చార్జి లేకుండానే బయలుదేరవచ్చు. 35 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఈ నష్టం ఒక వోల్టు లోపునకు వస్తుంది. వేసవిలో నీరు వెనుకకు తగ్గి దూరం ఇంకా పెరుగుతుంది గనుక అప్పటి నీటి అంచును కొలిచి లెక్కవేయవలెను. తీగ ఖర్చు భరించలేనిచోట ఆర్మర్డ్ కేబుల్‌తో 230 వోల్టులను తేలియాడే రేవు వరకు తెచ్చి, నీటి తుంపరలు చొరబడని పెట్టెలో చార్జరును అమర్చవచ్చును. అప్పుడు ప్రతి అవుట్‌లెట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., విడి ఎర్తింగ్ తప్పనిసరి. ఈ రెండవ పద్ధతి చౌకైనదే గాని నిర్వహణలో అలసత్వం ఏమాత్రం పనికిరాదు.

అమరిక, అప్పగింత

నీటి బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో ఇది 4 శాతానికి చేరిన పక్షంలో నిప్పురవ్వతో పేలుతుంది. ఈ వాయువు పైకి చేరుతుంది గనుక బ్యాటరీ పెట్టెకు పై భాగంలో గాలి మార్గం ఉండవలెను, చార్జరును బ్యాటరీకి నేరుగా పైన బిగించరాదు. ముందుగా తీగలు కలిపి, పిదప స్విచ్ వేయవలెను. తీసేటప్పుడు స్విచ్ కట్టివేసిన తర్వాతే తీగలు విడదీయవలెను. బ్యాటరీ ధన ధ్రువానికి సాధ్యమైనంత చేరువలో ఫ్యూజు ఉండవలెను.

దీపాల కోసం నాలుగు బ్యాటరీలలో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు తీసుకొనుట అనేకచోట్ల కనిపించే అలవాటు. ఆ ఒక్క బ్యాటరీ ఎప్పుడూ వెలితిగా ఉండి ముందుగా చెడిపోతుంది, మిగిలినవి అతిగా చార్జి అవుతాయి. ఇందుకు 48 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టరును టెండరులోనే చేర్చవలెను.

పడవలను స్వాధీనం చేసుకునే ముందు పూర్తి లోడ్‌తో ఒక రాత్రి చార్జింగ్ జరిపి, బ్యాటరీ ధ్రువాల వద్ద వోల్టేజీని, ఒక్కొక్క బ్యాటరీ ఉష్ణోగ్రతను, ఆర్.సి.సి.బి. పరీక్షా ఫలితాన్ని రిజిస్టరులో నమోదు చేయవలెను. ఆర్.సి.సి.బి. పరీక్షా బటన్‌ను ఆ తర్వాత నెలకొకసారి నొక్కి చూడవలసి ఉంటుంది.